బండి ఆయిల్ తాగుతోందా? హెడ్ విప్పే ముందు ప్లగ్గు చదవండి

మా బాబాయి బండి వంద సీసీది, పన్నెండేళ్ల పాతది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి గుప్పెడు నీలం పొగ వచ్చేది, వీధి మలుపు తిరిగేలోగా మాయమయ్యేది. నెలకోసారి చూస్తే డిప్‌స్టిక్ మీద ఆయిల్ కింది గీతకు దిగి ఉండేది. షెడ్డులో చూపిస్తే ఒకటే మాట: “బోరు పోయింది. పిస్టన్, రింగులు మార్చి బోరు కొట్టించాలి.” బోరు అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ, రింగులు ఆ గోడకూ పిస్టన్‌కూ మధ్య సందు మూసేవి. స్పార్క్ ప్లగ్గు విప్పారు కానీ దాని ముఖం ఎవరూ చూడలేదు. విప్పీ విప్పగానే కుర్రవాడు ఉప్పు కాగితంతో తళతళలాడేలా రుద్ది మళ్లీ బిగించేశాడు. దొంగతనం జరిగిందని పోలీసును పిలిస్తే, ఆయన వచ్చి ముందు గదంతా కడిగించినట్టు ఉంది వ్యవహారం.

ప్లగ్గు మొన పొద్దస్తమానం మంట మండే గదిలోనే ఉంటుంది. అక్కడికి ఏం వచ్చింది, ఏ దారిన వచ్చింది, ఎంత కాలిపోయింది, ఎంత మిగిలింది అన్నదంతా దాని మీద పడుతుంది. అయితే ఒక్క మాట ముందే చెప్పాలి. ఆయిల్ వస్తోందా లేదా అన్నది ప్లగ్గు దాదాపు ఖాయంగా చెబుతుంది. ఎటునుంచి వస్తోందో సూచిస్తుంది. ఏం మార్చాలో మాత్రం చెప్పదు. ఆ మూడో సంగతికి వేరే పరీక్షలున్నాయి, వాటి దగ్గరికీ వద్దాం.

ముందు ఆయిల్ లెక్క తేల్చండి

ప్లగ్గు ముట్టుకోకముందే బండి నిజంగా ఆయిల్ తాగుతోందో, కారుతోందో చూడాలి. రాత్రి బండి కింద అట్టముక్క పరవండి, పొద్దున్న మరకలుంటే సంగతి వేరు. మరకలు లేకపోతే బండిని సమతలంగా ఉన్నచోట సెంటర్ స్టాండ్ మీద నిలిపి, ఇంజన్ రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, మరో రెండు మూడు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడండి. చాలా వంద సీసీ బండ్లలో డిప్‌స్టిక్‌ను మర బిగించకుండా ఊరికే ఆనించి కొలవాలి. బిగించి కొలిస్తే లెక్క తప్పుతుంది. మీ బండి పద్ధతి ఏదో పుస్తకంలో ఉంటుంది. చూసిన రోజు, మీటరు అంకె రాసిపెట్టుకోండి.

ఈ తరహా బండ్లలో ఇంజన్ ఆయిల్ మొత్తం కలిపి దాదాపు ఒక లీటరే. గేర్‌బాక్సుకీ, క్లచ్చుకీ అదే ఆయిల్. అందుకే రెండు వందల మిల్లీలీటర్లు తగ్గడం కారులో చిన్న విషయమేమో కానీ, ఇక్కడ ఐదో వంతు ఖాళీ అయినట్టు.

డిప్‌స్టిక్‌ను ఒకసారి వాసన కూడా చూడండి. పెట్రోలు వాసన గుప్పుమంటే కార్బురేటర్ పొంగి పెట్రోలు ఆయిల్లో కలుస్తోందన్నమాట. అప్పుడు ఆయిల్ పలచబడి రింగులు దాటి పైకి రావడం తేలికవుతుంది. అది సరిచేయకుండా ప్లగ్గు చదివినా లాభం లేదు. ఆయిల్ పై గీత దాటి పోసి ఉన్నా అంతే. ఎక్కువైన ఆయిల్, ఇంజన్ ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం దారిన ఎయిర్ ఫిల్టర్‌లోకి, అక్కడినుంచి సిలిండర్‌లోకి పోతుంది. “కొంచెం ఎక్కువ పోస్తే ఇంజన్‌కు మంచిదే కదా” అనేవాళ్ల బండ్లలో ఇది నేను తరచూ చూస్తుంటాను.

కావలసినవి

సరైన కొలత ప్లగ్గు పానా (10 మి.మీ. మర ఉన్న ప్లగ్గుకు సాధారణంగా 16 మి.మీ. పానా), టార్చి, భూతద్దం, శుభ్రమైన తెల్లగుడ్డ, పెయింట్ మార్కర్, ఫీలర్ గేజీ (సన్న సందులు కొలిచే రేకులు), అదే నంబరు కొత్త ప్లగ్గు. కారైతే కోడిగుడ్ల అట్ట ట్రే ఒకటి తీసుకుని గుంటల మీద 1, 2, 3 అని రాయండి. ప్లగ్గులు కలిసిపోతే చదువు మొత్తం వృథా.

నడిపి తెచ్చి, వెంటనే ఆపండి

పదిహేను, ఇరవై కిలోమీటర్లు మామూలుగా, ఇంజన్ మీద కాస్త బరువు పడేలా నడపండి. వచ్చాక ఇంటి ముందు ఐడిల్‌లో పెట్టి కబుర్లు చెప్పకండి. ఐడిల్‌లో ప్లగ్గు మొన చల్లబడి, మామూలు ఇంజన్‌లో కూడా మసి పడుతుంది. ప్లగ్గు మొన సుమారు 500 డిగ్రీల దగ్గర తన మసిని తనే కాల్చుకుంటుంది, 850 దాటితే స్పార్క్ రాకముందే పెట్రోలును అంటించేంత వేడెక్కుతుంది. ఈ రెండింటి మధ్య నడిచిన ప్లగ్గే నిజం చెబుతుంది.

ఆపాక ఇంజన్ చల్లారనివ్వండి. ప్లగ్గు బిగించి ఉండే హెడ్, అంటే సిలిండర్ పైమూత, అల్యూమినియంది. వేడి మీద విప్పితే మర చెడుతుంది, ఆ ఖర్చు ముందు ఆయిల్ ఖర్చు ఎంత!

గీత గీసి, అప్పుడు విప్పండి

చాలామంది వదిలేసేది ఈ చిన్న పనినే, నా మటుకు అన్నిటికన్నా విలువైనదీ ఇదే. క్యాప్‌ను పట్టుకుని లాగండి, తీగను పట్టుకుని కాదు. క్యాప్ ఊడాక, ప్లగ్గు ఇంకా బిగించి ఉండగానే, దాని తెల్లటి పింగాణీ మీద కార్బురేటర్ వైపుకు ఒక గీత గీయండి. విప్పాక ఏ వైపు ఇన్‌లెట్ వాల్వుకు, అంటే గాలీ పెట్రోలూ లోపలికి వచ్చే తలుపుకు, ఎదురుగా ఉండేదో ఆ గీత చెబుతుంది. గీత లేకపోతే ఒక పక్క పేరుకున్న పెచ్చు ఏ పక్కదో దేవుడికే తెలియాలి.

ప్లగ్గు చుట్టూ ఉన్న మట్టిని బ్రష్షుతో దులిపి, గాలి ఊది, అప్పుడు విప్పండి. ఆ ఇసుక లోపల పడితే లేని బోరు సమస్య రేపు నిజంగానే వస్తుంది. విప్పిన ప్లగ్గును తుడవకండి, వేలితో ముట్టుకోకండి. పగటి వెలుగులో నాలుగు వైపులా ఫొటోలు తీయండి. ట్యూబులైటు కింద గోధుమరంగు నల్లగా, నలుపు గోధుమరంగుగా కనబడి మోసం చేస్తాయి.

పైనుంచి కిందికి చదవండి

అందరి కళ్లూ తిన్నగా మొన మీదికి పోతాయి. అలా కాకుండా తల నుంచి మొదలుపెట్టండి.

పైభాగపు పింగాణీ, క్యాప్ లోపలి రబ్బరు ఆయిల్‌తో తడిగా ఉంటే అది కాలే ఆయిల్ కాదు. కార్లలో ప్లగ్గు బావి చుట్టూ ఉండే సీలు, లేదా ట్యాపెట్ కవరు గ్యాస్కెట్ కారుతోంది. విప్పేటప్పుడు ఆ ఆయిల్ మరల మీదుగా జారి మొనకు అంటుకుంటుంది, చూసేవాళ్లు “సిలిండర్‌లో ఆయిల్!” అంటారు. పైభాగం తడి, మొన మామూలు రంగు అయితే మార్చాల్సింది రబ్బరు సీలు మాత్రమే.

పింగాణీ ఇనుప తొడుగులోకి దిగేచోట లేత గోధుమరంగు వలయం ఉంటే కంగారు పడకండి. హై వోల్టేజీ వల్ల గాలిలోని నూనె, దుమ్ము కణాలు అక్కడ అంటుకుంటాయి. గ్యాసు లీకు కాదు, ఆయిల్ తాగడమూ కాదు.

తరువాత మరలు. అక్కడ పొడి మసి కొద్దిగా ఉండటం మామూలే. ఇక ఇనుప అంచు, మధ్యలోని పింగాణీ ముక్కు, రెండు ఎలక్ట్రోడ్లు. అసలు కథ ఇక్కడుంది.

తడా, పొడా?

ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో ముక్కు పాలు ఎక్కువైన టీ రంగులోనో, లేత బూడిద రంగులోనో ఉంటుంది. పాత చార్టుల్లోని ముదురు ఇటుక రంగు కోసం వెతకకండి. ఆ బొమ్మలు చాలావరకు సీసం కలిపిన పెట్రోలు రోజులవి. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఇప్పుడు ఇథనాల్ కూడా 20 శాతం దాకా కలుస్తోంది. ఈ పెట్రోలుతో మంచి ప్లగ్గు కూడా వెలిసిపోయినట్టు, దాదాపు తెల్లగా ఉండవచ్చు.

ముక్కు నల్లగా ఉందా? అయితే ఆ నలుపు ఏ జాతిదో తేల్చాలి. తెల్లగుడ్డతో అంచును మాత్రం తాకండి. కాటుకలా మెత్తగా, పొడిగా అంటుకుంటే అది పెట్రోలు ఎక్కువై పడిన మసి. చోక్ పట్టుకుపోవడం, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, రెండేసి కిలోమీటర్లు తిప్పి ఆపేయడం దాని కారణాలు. ఆయిల్‌తో సంబంధం లేదు. అదే నలుపు నూనెలో కలిపిన కాటుకలా మెరుస్తూ, జిడ్డుగా, వేళ్ల మధ్య జారుతూ ఉంటే అది ఆయిల్.

తడిగా ఉంది కానీ పెట్రోలో ఆయిలో తెలియకపోతే ప్లగ్గు అంచును పాత నోటుపుస్తకం కాగితానికి అద్ది, ఎండలో పది నిమిషాలు ఉంచండి. పెట్రోలు మరక ఎగిరిపోతుంది. ఆయిల్ మరక పకోడీల పొట్లం మీద మరకలా అలాగే ఉండి, వెలుతురుకు ఎత్తి పడితే అవతలి వైపు కనబడుతుంది. స్పార్క్ రాని సిలిండర్ ప్లగ్గు కూడా తడిగానే ఉంటుంది. దాన్ని ఆయిల్ అనుకుని ఇంజన్ విప్పినవాళ్లున్నారు. క్యాపు, కాయిలు ఒకసారి మార్చి చూస్తే ఆ అనుమానం తీరుతుంది.

సున్నపు పెచ్చు

తడి ఆయిల్‌ను అందరూ గుర్తుపడతారు. కొద్దికొద్దిగా వస్తూ పూర్తిగా కాలిపోయే ఆయిల్‌ను గుర్తుపట్టడమే కష్టం. ఇంజన్ ఆయిల్లో కాల్షియం, జింకు, ఫాస్ఫరస్ లాంటివి కలిసిన మందులుంటాయి. ఆయిల్ కాలిపోయినా ఇవి కాలవు, కట్టె కాలాక బూడిద మిగిలినట్టు మిగిలిపోతాయి. తెలుపు, బూడిద, లేత గోధుమరంగుల్లో, నీళ్ల బిందె అడుగున గట్టిపడిన సున్నం లాగా ముక్కు మీద, పక్క ఎలక్ట్రోడ్ మీద పెచ్చు కడతాయి. గుండుసూదితో గీరితే మసిలా రాలిపోదు, చిన్న పలుకులుగా ఊడుతుంది. పెట్రోలు మసి ఎప్పుడూ ఇలా పెచ్చు కట్టదు.

పెచ్చు మందంగా ఉంటే దాన్ని అలాగే వదిలి హైవే ఎక్కకండి. ఆ పలుకులు నిప్పుకణికల్లా ఎర్రబడి స్పార్క్ రాకముందే మంట పుట్టిస్తాయి.

ఇప్పుడు మీరు గీసిన గీత పనికొస్తుంది. పెచ్చు ఇన్‌లెట్ వైపే ఎక్కువగా ఉంటే ఇన్‌లెట్ వాల్వు గైడు (వాల్వు తొడిమ జారే గొట్టం), దాని రబ్బరు సీలు మీద అనుమానం. థ్రాటిల్ మూసినప్పుడు ఇన్‌లెట్ దారిలో పుట్టే పీల్పు, అరిగిన సీలు పక్కనుంచి ఆయిల్‌ను లోపలికి లాగుతుంది. చుట్టూ సమానంగా తడి, జిడ్డు ఉంటే రింగుల వైపు మొగ్గు. ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు. ఎగ్జాస్ట్ వాల్వు సీలు పోతే ఆయిల్ సైలెన్సర్ వైపే పోతుంది కనుక పొగ వస్తున్నా ప్లగ్గు శుభ్రంగా ఉండవచ్చు. శుభ్రమైన ప్లగ్గును చూసి “ఆయిల్ తాగడం లేదు” అని తేల్చేయకూడదు.

కారులో: ప్లగ్గులను పక్కపక్కన పెట్టండి

మారుతి 800 ఈ విద్య నేర్చుకోవడానికి మంచి బండి. 796 సీసీ, మూడు సిలిండర్లు, మూడు ప్లగ్గులు. మూడింటినీ ట్రేలో వరసగా పెడితే ఒకదానికి మరొకటి కొలబద్ద. ఒక్కటే తడిగా, మిగతా రెండూ టీ రంగులో ఉంటే ఆ సిలిండర్ రింగులో, వాల్వు సీలో. మూడూ ఒకేలా పెచ్చు కట్టి ఉంటే అందరికీ ఉమ్మడిగా వచ్చే దారి చూడాలి: ఇంజన్ ఆవిరిని ఇన్‌లెట్‌కు పంపే పీసీవీ వాల్వు, గొట్టాలు, లేదా ఆయిల్ ఎక్కువ పోయడం. పీసీవీ వాల్వు మార్చడం పది నిమిషాల పని. అది చూడకుండా ఇంజన్ దింపడమంటే కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

కొత్త ప్లగ్గు వేసి మళ్లీ చూడండి

పాత ప్లగ్గు మీద ఎన్నేళ్ల చరిత్ర ఉందో తెలియదు. గత ఏడాది చోక్ పట్టుకున్నప్పటి మసి, మొన్నటి ఆయిల్ కలిసే ఉంటాయి. కనుక కొత్తది వేసి, ఆయిల్ పై గీత వరకు సరిగ్గా పోసి, 300 నుంచి 500 కిలోమీటర్లు నడిపి మళ్లీ గీత గీసి విప్పండి. అంత తక్కువ దూరంలోనే ముక్కు మెరుస్తూ తడిగా ఉంటే ఆయిల్ బాగానే వస్తోంది. ముక్కు శుభ్రంగా ఉండి, అంచున తెల్లపొడి మొదలైతే కొద్దిగా వస్తోంది. డిప్‌స్టిక్ లెక్కతో కలిపి చూస్తే ఎంత వేగంగా తాగుతోందో కూడా తెలుస్తుంది.

ఆయిల్‌తో ప్లగ్గు ఆరిపోతోందని వేడి ప్లగ్గు, అంటే మొన దగ్గర వేడిని ఎక్కువ నిలిపే రకం, వేసే అలవాటు ఒకటుంది. కొన్నాళ్లు బండి నడుస్తుంది, రోగం అలాగే ఉంటుంది, పైగా ఎక్కువ వేగంలో మొన మితిమీరి వేడెక్కే ప్రమాదం. అన్ని కంపెనీల నంబర్లూ ఒకేలా ఉండవని కూడా గుర్తుంచుకోండి. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ చల్లని ప్లగ్గు, బాష్‌లో అంకె పెరిగేకొద్దీ వేడి ప్లగ్గు.

రెండో సాక్షి

పొగ ఎప్పుడు వస్తోందో గమనించండి. రాత్రంతా నిలబడ్డాక తొలి స్టార్ట్‌లో నీలం పొగ వచ్చి ఆగిపోతే, లేదా ఘాట్ రోడ్డు దిగుతూ థ్రాటిల్ మూసి మళ్లీ తిప్పగానే ఒక్కసారి వస్తే వాల్వు సీళ్లు. ఎక్కుడులో, బరువు మీద, థ్రాటిల్ తిప్పినంతసేపూ వస్తే రింగులు. చలికాలం పొద్దున తెల్లగా వచ్చి వాసన లేకుండా కరిగిపోయేది నీటి ఆవిరి, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండ్లలో క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే భాగం) కొద్దిపాటి ఆయిల్‌ను మింగేసి పొగ కనబడనివ్వదు. ఫాస్ఫరస్ వల్ల ఆ కన్వర్టర్ మాత్రం నెమ్మదిగా పాడవుతూ ఉంటుంది. అలాంటి బండిలో ప్లగ్గూ డిప్‌స్టిక్కూ తప్ప వేరే దిక్కు లేదు.

తరువాత కంప్రెషన్ పరీక్ష, అంటే సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడితో పట్టి ఉంచుతోందో కొలవడం. ఇంజన్ గోరువెచ్చగా ఉండగా ప్లగ్గు తీసి, గేజీ బిగించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఐదారుసార్లు కిక్ కొట్టండి. తాళం ఆపే ఉంచండి, స్పార్క్ అవసరం లేదు. కారులో అయితే ఇగ్నిషన్ కాయిల్ కనెక్టరు, ఇంజెక్షన్ ఉంటే పెట్రోలు పంపు ఫ్యూజు పీకండి. వచ్చిన అంకె రాసుకుని, ప్లగ్గు రంధ్రంలోంచి ఒక టీస్పూను, అంటే 5 మి.లీ. ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే ఆ ఆయిల్ రింగుల సందులు మూసిందన్నమాట, అరిగింది రింగులో బోరో. రెండుసార్లూ అంతే తక్కువగా ఉంటే వాల్వులు సరిగా కూర్చోవడం లేదు. ఎక్కువ ఆయిల్ పోస్తే మాత్రం అంకె ఊరికే పెరిగి తప్పుదారి పట్టిస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. కంప్రెషన్ పట్టేవి పై రెండు రింగులు. ఆయిల్ గీకేది మూడో రింగు. ఆయిల్ మార్చకుండా ఏళ్ల తరబడి నడిపిన బండిలో ఆ మూడోది కార్బన్ పట్టి గాడిలోనే బిగుసుకుపోతుంది. అప్పుడు కంప్రెషన్ చక్కగా ఉంటుంది, ఆయిల్ మాత్రం తాగుతూనే ఉంటుంది. ఈ అనుమానం తీరాలంటే ఫోనుకు తగిలించే సన్న కెమెరాను ప్లగ్గు రంధ్రంలోకి దించి పిస్టన్ తల చూడండి. మధ్యలో కార్బన్ ఉండి, చుట్టూ అంచు కడిగినట్టు మెరుస్తుంటే ఆయిల్ కిందినుంచి వస్తోంది. వాల్వు తొడిమ వెంట మందంగా, జిడ్డుగా కార్బన్ ఉంటే పైనుంచి.

టూ స్ట్రోక్ బండ్లకు ఈ లెక్కలు పనికిరావు, అవి పుట్టుకతోనే ఆయిల్ కాలుస్తాయి. ఆర్ఎక్స్ 100 లాంటి దానిలో పొగ హఠాత్తుగా పెరిగి, గేర్‌బాక్సు ఆయిల్ తగ్గుతూ ఉంటే క్లచ్ వైపు క్రాంక్ సీలు పోయిందని అనుమానించండి.

తిరిగి బిగించడం

గ్యాపు ఫీలర్ గేజీతో చూసి, పుస్తకంలో చెప్పిన కొలతకు సరిచేయండి. ఇనుప బ్రష్షు పింగాణీ మీద లోహపు గీతలు వదులుతుంది, వాటి మీదుగా కరెంటు దారి తప్పుతుంది. ఇరిడియం ప్లగ్గు సన్నమొనను అసలు రుద్దకూడదు. ప్లగ్గును మొదట చేత్తోనే చివరిదాకా తిప్పండి. బిగుతుగా అనిపిస్తే వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. చేతికి ఆగాక, కొత్త వాషరు ఉన్న ప్లగ్గును పానాతో సుమారు అర చుట్టు, ఇదివరకు వాడినదైతే గడియారంలో ఒక గంట జరిగినంత, అంటే చుట్టులో పన్నెండో వంతు తిప్పితే చాలు.

బాబాయి బండికి కొత్త ప్లగ్గు వేసి, గీత గీసి, 400 కిలోమీటర్ల తర్వాత విప్పితే తెల్లపెచ్చు మొత్తం కార్బురేటర్ వైపే ఉంది, అవతలి వైపు ముక్కు టీ రంగులో శుభ్రంగా ఉంది. కంప్రెషన్ అంకె ఆయిల్ పోయకముందూ పోశాకా దాదాపు ఒకటే, పుస్తకంలో చెప్పినదానికి తగ్గలేదు. హెడ్ మాత్రం విప్పించి, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ సీళ్లు రెండూ మార్పించాం. బోరు జోలికి పోలేదు. ఆ పాత ప్లగ్గును పారేయకుండా తేదీ, మీటరు అంకె రాసిన చీటీతో అగ్గిపెట్టెలో పెట్టాను. ఏడాదికి ఒకటి చొప్పున ఇప్పుడు ఆ వరసలో నాలుగు అగ్గిపెట్టెలున్నాయి, తరువాతి మూడింటిలోనూ పెచ్చు లేదు.